రసమట్టం చెప్పిన భూగోళశాస్త్రం

సూరత్‌లోని మా అడాజన్‌లో భూమి గురించి ఎవరైనా నోరు విప్పారంటే అది రేటు గురించే. గజం ఎంత పలికింది, మెట్రో వస్తే ఎంత పెరుగుతుంది, తాపీ ఒడ్డున ఫ్లాటుకు అదనంగా ఎంత అడుగుతున్నారు అన్నవే ఇక్కడి భూగోళశాస్త్రం. అలాంటి పేటలో భూమి ఆకారం మీద చర్చ మొదలైందంటే అది పూర్తిగా మా తెలుగువాళ్ల చలవే.

మా సొసైటీలో ఒక పెద్దాయన ఉన్నారు. కృష్ణా జిల్లాలో ఉద్యోగం చేసి, రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చేశారు. కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవడు బడికి పోతే ఇంట్లో మిగిలేది ఆయనా యూట్యూబూ. ఆ సహవాసంలో ఆయనకు భూమి బల్లపరుపుగా ఉందని తెలిసిపోయింది. స్నానాలగది మరమ్మతుకు వచ్చిన మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి పుచ్చుకుని, నన్ను బాల్కనీలోకి పిలిచారు. టైల్స్ మీద పెట్టారు. బుడగ రెండు గీతల మధ్య బుద్ధిగా నిలబడింది.

"చూశావా? అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు. ఇంక గుండ్రం ఎక్కడుంది బాబూ?"

"బాబాయిగారూ, మీ బాల్కనీ పన్నెండు అడుగులండీ."

"అయితే? అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ?"

ఈ మెతుకు వాదానికి జవాబు 1150లోనే వచ్చింది. ఏదైనా వలయంలో నూరోవంతు ముక్కను చూస్తే అది తిన్నగానే కనిపిస్తుంది, భూమి చాలా పెద్దది, మనిషి చాలా చిన్నవాడు, అందుకే వాడి కంటికి బల్లపరుపు అని సిద్ధాంత శిరోమణిలో భాస్కరాచార్యుడు తేల్చేశాడు. ఆయన ఎక్కడివాడో కాదు. ఆయనదని చాలామంది చెప్పే ఊరు మహారాష్ట్రలో చాలీస్‌గావ్ దగ్గరి పాటణ. ఆయన గ్రంథాలు చదివించడానికి మనవడు చంగదేవుడు మఠం పెట్టించి, 1207లో శాసనం వేయించింది అక్కడే. ఆ కొండల నీళ్లు గిరణా నదిలో పడి, తాపీలో కలిసి, మా అడాజన్ పక్కనుంచే సముద్రానికి పోతాయి. నీళ్లొచ్చాయి గానీ జవాబు మాత్రం దారిలోనే ఇంకిపోయినట్టుంది.

అంతకు ముందే 8వ శతాబ్దంలో లల్లుడు ఇంకో చురక పెట్టాడు. భూమి సమతలమే అయితే తాడిచెట్టంత చెట్లు దూరాన్నుంచి ఎందుకు కనిపించవయ్యా అని. సూరత్ దగ్గరి హజీరాలో ఘోఘా వెళ్లే రో-రో ఫెర్రీ ఎక్కి, వెనక ఒడ్డుమీది పొగగొట్టాలను చూస్తే ఆ ప్రశ్న ఇప్పటికీ పనిచేస్తుంది. ముందు వాటి మొదళ్లు మాయమవుతాయి, తర్వాతే తలలు. పెద్దాయనకు ఫెర్రీ టికెట్టు కొనిస్తానన్నాను. సముద్రం పడదన్నారు.

గుజరాత్‌కు ఈ తగవు కొత్తేమీ కాదు. పాలితాణాలో జైన ఆగమాల ప్రకారం జంబూద్వీప నమూనా నెలకొల్పిన పన్యాస్ అభయసాగర్‌జీ మహారాజ్ భూమి గుండ్రమనీ తిరుగుతుందనీ ఒప్పుకోలేదు, అపోలో చంద్రయాత్రనే ప్రశ్నించారు. ఆయన మాట నేను ఒప్పుకోను. కానీ గౌరవిస్తాను. తను నమ్మినదానికి కొలతలు రాసి, నమూనా కట్టి, పదిమంది ముందు పెట్టారు. ఇద్దరు సూర్యులు, ఇద్దరు చంద్రులు అన్న జైన ఖగోళాన్ని భాస్కరుడు వెక్కిరించినా, కారణం చూపించే ఖండించాడు. ఇప్పటివాళ్లకు ఆ శ్రమ లేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయడమే కాదు, దాని వీడియో పది గ్రూపులకు పంపేస్తారు.

"పందెం కాద్దామా?" అన్నారు పెద్దాయన. సింగణ్‌పోర్ కాజ్‌వే దగ్గర తాపీ నీళ్లు నిలిచి ఉంటాయి కదా, దుర్భిణీ పెట్టి చూద్దామట. నేను చేతులు జోడించాను. డార్విన్‌తో పాటు పరిణామ సిద్ధాంతం చెప్పిన ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అంతటివాడు 1870లో ఇదే పందెం కాసి నాశనమయ్యాడు. ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్ కాలువ మీద, ఆరు మైళ్ల నీటి మీద, 500 పౌన్లకు. రెండు చివరలా మధ్యలోనూ నీటికి ఒకే ఎత్తున గుర్తులు పెట్టి దుర్భిణీలో చూస్తే నడిమి గుర్తు పైకి లేచి కనిపించింది. భూమి వంపు తిరిగిందని మధ్యవర్తి తీర్పిచ్చాడు. ఓడిపోయిన జాన్ హాంప్డెన్ ఊరుకున్నాడా? దొంగ అన్నాడు, కరపత్రాలు వేశాడు, వాలెస్ భార్యకు బెదిరింపు ఉత్తరం రాశాడు, పరువునష్టం కేసులో జైలుకూ వెళ్లొచ్చాడు. పైగా పందేలు చట్టప్రకారం చెల్లవని కోర్టు అనడంతో గెలిచిన సొమ్ము కూడా వాలెస్‌కు దక్కలేదు. ఈ పీడ సుమారు 15 ఏళ్లు ఆయన్ని వదల్లేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, శాస్త్రవేత్త ఏపాటి?

ఇటీవలి కథలు ఇంకా రంజుగా ఉంటాయి. అమెరికాలో బల్లపరుపు బృందం ఒకటి 20 వేల డాలర్లు పోసి లేజర్ గైరోస్కోప్ కొంది. భూమి తిరగడం లేదని నిరూపించడానికి. అది గంటకు 15 డిగ్రీల తిరుగుడు చూపించింది. యంత్రం తప్పు లేదు, ఆకాశశక్తులేవో అడ్డం వస్తున్నాయన్నారు. 2024 డిసెంబర్‌లో కొందరిని అంటార్కిటికాకు తీసుకెళ్లి, 24 గంటలూ అస్తమించని సూర్యుణ్ణి చూపించారు. వాళ్లలో పేరున్న యూట్యూబర్ ఒకాయన, ఈ విషయంలో నేను పొరబడ్డానని కెమెరా ముందే ఒప్పుకున్నాడు. వెంటనే మిగతావాళ్లు ఆయన అమ్ముడుపోయాడనీ, అదంతా స్టూడియోలో తీశారనీ తేల్చారు. తన కుందేటికి మూడే కాళ్లన్నవాడికి నాలుగోది చూపిస్తే, అది అతికించిన కాలంటాడు.

మా పక్కింటి భాయ్‌ది రింగ్ రోడ్డులో బట్టల వ్యాపారం. మా వాదన అంతా విని, మధ్యలో లోచో ప్లేటు తినేసి, ఒకే ఒక్కటి అడిగారు: "భాడుం కేట్లుం?" అంటే, కిరాయి ఎంత అని. ఇన్నాళ్లలో నేను విన్న ఖగోళ ప్రశ్నల్లో ఇదే గట్టిది. కిరాయి దూరాన్ని బట్టే కదా. బల్లపరుపు వాళ్ల పటంలో ఉత్తర ధ్రువం నడిమధ్యన ఉంటుంది, అంటార్కిటికా చుట్టూ మంచు ప్రహరీ. ఆ పటంలో సిడ్నీకీ చిలీలోని శాంటియాగోకీ దూరం 25 వేల కిలోమీటర్లు దాటుతుంది. నిజానికి 11 వేల చిల్లర. విమానం పన్నెండు పదమూడు గంటల్లో దిగుతోంది. పెద్దాయన పటమే నిజమైతే ఆ మామూలు ప్రయాణికుల విమానం ధ్వనికంటే వేగంగా పోవాలి. "ఆ పటం పెట్టుకుని పార్సిల్ కిరాయి రాస్తే పార్టీ పైసా ఇవ్వడు" అని భాయ్ చేతులు తుడుచుకున్నారు.

పెద్దాయన చలించలేదు. ఆయన్ని చలింపజేయగలిగినది ఆయన ఇంట్లోనే గోడకు వేలాడుతోంది: బెజవాడలో అచ్చయిన పంచాంగం. రాహుకాలం చూడాల్సి వస్తే పెద్దాయన అందులోని సమయానికి ఓ అరగంట కలుపుకుంటారు. ఎందుకండీ అంటే, "సూరత్ పడమర కదా, ఇక్కడ పొద్దు ఆలస్యం. దేశాంతర సంస్కారం చెయ్యకపోతే ఎట్లా?" అని నన్నే కోప్పడతారు. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య దాదాపు 8 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. 360 డిగ్రీల గుండ్రటి భూమికి 24 గంటలు అన్న పద్దు మీదే ఆ లెక్క కట్టారు. 12వ శతాబ్దంలో మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతానికి తెలుగులో వ్యాఖ్య రాసిన నాటినుంచీ మన పంచాంగాల కింద ఉన్న భూమి బంతే. పొద్దున గుండ్రటి భూమి మీద రాహుకాలం చూసుకుని, సాయంత్రం బల్లపరుపు భూమి మీద వాకింగ్‌కు వెళ్లే సౌకర్యం మా పెద్దాయనకే ఉంది.

2028 డిసెంబర్ 31 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. సూరత్‌లోనూ కనిపిస్తుంది, బెజవాడలోనూ కనిపిస్తుంది. పట్టు ఎప్పుడు, విడుపు ఎప్పుడు అని పెద్దాయన ముందే అడిగి రాసుకున్నారు. ఆ రాత్రి కొత్త సంవత్సరం కోసం ఎలాగూ మేడెక్కుతారు కాబట్టి, చంద్రుడి మీద పాకే నీడ అంచు ఏ ఆకారంలో ఉందో మీరూ ఒకసారి చూడండి. పక్కన పెద్దాయనలాంటి వారెవరైనా ఉంటే వారికీ చూపించండి. పందెం మాత్రం కాయకండి.