మార్జాలసమ్మతమగు నేల

గృహస్థాశ్రమమునందు ధర్మసూక్ష్మములు పెక్కు గలవని పెద్దలు చెప్పిరి గాని, ఇంటి నేలను దేనితో తుడువవలెనను ప్రశ్నయందును ఒక ధర్మసూక్ష్మము దాగియున్నదనియు, దానిని విప్పవలసినవాడు ధర్మశాస్త్రవేత్త గాక పశువైద్యుడనియు వారు సెలవిచ్చి యుండలేదు. ఇంట పిల్లి లేనంతకాలము ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. అంగడికి పోయి, సీసాపై పూవుబొమ్మ నచ్చినచో పూవును, నిమ్మకాయబొమ్మ నచ్చినచో నిమ్మకాయను కొనితెచ్చి, బకెట్టులో మూతెడు పోయించి, తడిగుడ్డ పెట్టించి, ఆ వచ్చు వాసననే శుభ్రతగా భావించి సుఖముగా నుండవచ్చును. మా యింట పిల్లి వెలసిన పిదప నాకు ఆ సుఖము తప్పినది.

మనుష్యుడు నేలను త్రొక్కును. పిల్లి నేలను భుజించును. ఇది యతిశయోక్తి కాదు. తడియారని గచ్చుపై నాలుగు పాదములును మోపి, నడుమ నొకచోట వెల్లకిల బడి పొర్లి, అటుపిమ్మట కిటికీ గట్టున ఆసీనయై, నిత్యానుష్ఠానపరుని శ్రద్ధతో వ్రేళ్ళ సందులు మొదలు తోక చివరవరకు నాకుకొనునది గావున, ఉదయమున బకెట్టులో నున్న పదార్థము మధ్యాహ్నమునకు దాని కడుపులో నుండును. పిల్లి కళ్ళు మూసికొని పాలు త్రాగునని లోకోక్తి. ఫినాయిలును మాత్రము అది కళ్ళు తెరచియే సేవించుచున్నది.

అట్లు లోనికి పోయినదేమగునని పశువైద్యుని అడుగగా ఆయన చెప్పిన సంగతి యిది. ఫినాలు జాతి పదార్థములు ఒంటిలో చేరినప్పుడు మన కాలేయము, కుక్క కాలేయము కూడ, వానికి గ్లూకురోనిక్ ఆమ్లమును జతకూర్చి బయటికి సాగనంపును. ఆ జతకూర్పునకు కావలసిన ఎంజైమును తయారుచేయు జన్యువొకటి మార్జాలవంశమున ఏనాడో చెడిపోయినది. కేవల మాంసాహారముపై బ్రతికిన వంశమగుటచే, మొక్కలలోని విషములను విరుగగొట్టుకొను పని దానికి అంతగా లేకపోయెనని శాస్త్రజ్ఞుల ఊహ. ఇంటి పిల్లికే కాదు, సింహమునకును చిరుతపులికిని ఇదే కొరత; కావున మృగరాజు గుహను తుడిపింపవలసి వచ్చినను ఫినాయిలు నిషిద్ధమే.

ఈ సంగతిని మా యత్తగారికి విన్నవించుట ఆ గుహలో ప్రవేశించుటకంటె కష్టమైనది. ఆమెకు నల్లఫినాయిలే శౌచము. బొగ్గుతారునుండి పుట్టిన ఆ ద్రవము నీటిలో పడగనే తెల్లబడుట ఆమె దృష్టిలో దాని పావనత్వమునకు ప్రత్యక్షప్రమాణము. వైద్యుడో, నీట పడి తెల్లబారు సీసాను పిల్లి యున్నయింట మొదట అనుమానింపుమనుచున్నాడు. 1865వ సంవత్సరమున గ్లాస్గో నగరములో లిస్టరు మహాశయుడు కార్బాలిక్ ఆమ్లమున ముంచిన గుడ్డలతో గాయములకు కట్లు కట్టి రోగుల ప్రాణములు నిలుపనారంభించినది మొదలు, ఆసుపత్రి వాసనయే ఆరోగ్యపు వాసన యని జనులు నమ్మజొచ్చిరి. ఆ ఆమ్లమునకు మరియొక పేరు ఫినాలు. అయితే లిస్టరుగారి రోగులెవ్వరును తమ కట్లను నాకుకొనినట్లు చరిత్ర చెప్పదు.

"ఏం బాబూ, మా రోజుల్లో పిల్లులు లేవా?" అని ఆమె యడిగెను. ఉండెను. కాని ఆ రోజులలో నేల పేడతో అలుకబడుచుండెను, పిల్లి అటకమీద కాపురముండెను. ఈ సమాధానమును నేను మనసులోనే చెప్పుకొంటిని.

ఇక అంగడి. "పిల్లికి పనికొచ్చేది ఏమైనా ఉందా?" అనగా, కొట్టు యజమాని నన్ను ఎగాదిగా చూచి, "పిల్లి తుడుస్తుందా మాస్టారూ నేల?" అని, జాలి తలచి ఒక రంగుసీసాను ముందుంచి, "ఇది ఏ క్రిమినీ వదలదండీ" అనెను. నాకు కావలసినది చంపునది కాదు, చంపనిది. చీటీని కళ్ళజోడు సవరించుకొని చదువగా బెంజాల్కోనియం క్లోరైడు అని యుండెను. అది గాఢముగా నున్నప్పుడు పిల్లి నాలుకను పుండు చేసి, చొల్లు కార్పించును. రెండవ సీసాపై ప్రకృతిసిద్ధమని పచ్చని ఆకుతో సహా ముద్రించియుండెను. లోపల నీలగిరి తైలము. ఆ తైలమును, టీ ట్రీ తైలమును, పైను నూనెయు పిల్లికి శత్రువులే. ఉమ్మెత్తకాయయు ప్రకృతిసిద్ధమే గదా! వెనిగరు నీటిలో బాగుగ పలుచన చేసినచో పిల్లికి బాధలేదు. కాని మా నడవలోనివి షాబాదు బండలు, అనగా సున్నపురాయి. ఆమ్లము వాని నునుపును తినివేయును. టైల్సు వేయించుకొన్నవారు అదృష్టవంతులు.

తుదకు నిలిచినది గోరువెచ్చని నీరు, అందులో గిన్నెలు తోము ద్రవసబ్బు ఒక్క చుక్క, ఆపై మంచినీటితో మరియొక తుడుపు, పంకా క్రింద నేల ఆరువరకు పిల్లిగారికి పడకగదిలో గృహనిర్బంధము. శాస్త్రము సంతసించినది, వైద్యుడు తల యూపెను, పిల్లి తలుపును గీకెను. తిరుగబడినది పనిమనిషి. "వాసన రాకపోతే ఎట్టా అయ్యగారూ? అమ్మగారు నేను తుడవలేదంటారు," అని ఆమె ఆక్షేపణ. అది నిజమేనని మా శ్రీమతి ఆ సాయంకాలమే నిరూపించెను: ముక్కు ఎగబీల్చి, "ఏమండీ, ఇవాళ మనిషి రాలేదా?" అనెను. అద్దమువలె మెరయుచున్న బండలమీద నిలుచుండి ఈ మాట యనెను! మన దేశమున శుభ్రత కంటికి గాక ముక్కునకు గోచరించు పదార్థమనియు, పనిచేసినట్లు ఋజువుగా మూతెడు ఫినాయిలు చల్లించుకొనుటయే మన ఇండ్ల ఆచారమనియు నా నిశ్చయము.

పిల్లి ఎక్కడనైన మూత్రము చేసినచో బ్లీచింగు పౌడరు చల్లుట మాత్రము కూడదు. మూత్రములోని అమ్మోనియాయు క్లోరినును కలిసి ఊపిరితిత్తులను మండించు వాయువు పుట్టును. పైగా నీటికి కరగని యూరికామ్లపు స్ఫటికములు అక్కడనే యుండి, ముసురు పట్టిననాడు మరల కంపు కొట్టును. దానికి ఎంజైములు గల ద్రవము వేరుగ అమ్ముదురు, వెల యెక్కువయే.

పిల్లి గల చదువరులకు ఒక మనవి. మీ అత్తగారి పక్షమే గెలిచి, తడినేలపై తిరిగిన పిల్లి చొల్లు కార్చినను, తూలినను, ఉప్పునీరు పోసి వాంతి చేయింపకుడు. పాదములను సబ్బునీట కడిగి, తుడిచి, వెంటనే వైద్యునియొద్దకు కొనిపొండు. సీసాను కూడ తీసికొనిపొండు. చీటీ చూడనిదే ఆయనకు చికిత్స తోచదు.