నా మొదటి ఐదు సెంటీమీటర్లు

నేనొక టేపుని. ఐదు మీటర్ల పొడవు, పసుపు రంగు మీద నల్ల అంకెలు. దుకాణంలో నా పక్కన వేలాడినవి ఇళ్లకీ కార్ఖానాలకీ వెళ్లిపోయాయి. నన్ను మాత్రం ఫారెస్ట్రీ డిగ్రీ చదివే నలుగురు పిల్లలు కొనుక్కుని, వేసవి ఇంటర్న్‌షిప్‌కి నల్లమల తీసుకెళ్లారు. మే నెల. మన్ననూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే సంచిలో ఉన్న నాక్కూడా వడగాలి తగిలింది.

ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో మా పిల్లలకి అప్పగించింది ఒక్క బీట్‌లో కొన్ని ప్లాట్లు. ఒక్కో ప్లాటు 31.62 మీటర్ల చదరం. ఒక పక్కని ఇంకో పక్కతో గుణిస్తే హెక్టారులో పదో వంతు వస్తుంది, అందుకే ఆ అంకె. హద్దులు పట్టడానికి ముడులేసిన తాడు వేరే ఉంది. నా పని చెట్ల చుట్టుకొలత.

ఆ పనికి పద్ధతుంది. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే మనిషి రొమ్ము ఎత్తున చుట్టాలి. ఎత్తు తప్పకుండా పిల్లలు ఆ పొడవుకి ఒక కర్ర కోసుకున్నారు. వాలులో ఉన్న చెట్టుని ఎగువ వైపు నిలబడి కొలవాలి. ఆ ఎత్తుకి కింద చీలితే రెండు చెట్లు, పైన చీలితే ఒక్కటే. తీగ అల్లుకుని ఉంటే దాని కిందనుంచి నన్ను దూర్చాలి, పైనుంచి చుట్టేస్తే తీగ లావు కూడా చెట్టు ఖాతాలో పడుతుంది.

చెట్లని నేను చూసింది కళ్లతో కాదు, ఒంటితో. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది, పలకల సందుల్లో మట్టి నా అంకెల్లోకి ఎక్కుతుంది. చిరుమాను నున్నగా ఉంటుంది, చుట్టగానే జారిపోతానేమో అనిపిస్తుంది. తునికి బెరడు బొగ్గులా నల్లన. యేగిస చెట్టుకి ఎవరో ఎప్పుడో పెట్టిన గాటు నుంచి కారిన ఎర్రటి జిగురు నా 80 గీత మీద అంటుకుంది. ఆ మరక ఇప్పటికీ పోలేదు.

నా తప్పు గురించి చెప్పాలి. నాలుగో రోజు రాళ్ల మధ్యలో నా కొస ఇరుక్కుంది. ఎవరో లాగారు. ఇత్తడి కొక్కెంతో సహా మొదటి ఐదు సెంటీమీటర్లు తెగిపోయాయి. ఎవరూ గమనించలేదు. నాకు తెలుసు, కానీ నాకు అంకెలున్నాయే గాని నోరు లేదు. 60 సెంటీమీటర్ల చెట్టు 65గా కాగితమెక్కింది. ఐదేగా అనుకోవడానికి లేదు. కాండం అడ్డుకోత వైశాల్యం కట్టేటప్పుడు ఆ అంకె వర్గమవుతుంది. ఆ ఒక్క చెట్టే ఉన్నదానికన్నా ఆరో వంతుకి పైగా లావెక్కిపోతుంది. అలాంటి లెక్కలు చూసే కదా, ఈ అడవి పెరుగుతోందా తరుగుతోందా అని తేల్చేది!

మర్నాడు పొద్దున ఆ నలుగురిలో ఒకమ్మాయి ఊరికే తమ కర్రని నాతో కొలిచింది. 1.42 వచ్చింది. మళ్లీ కొలిచింది. అంతే వచ్చింది. నా కొసని వేళ్ల మధ్య పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఏ చెట్టు దగ్గర తెగానో తెలిస్తే అక్కణ్నుంచి ఐదేసి తీసేస్తే సరిపోయేది. తెలియదు. ముందురోజు రెండు ప్లాట్లు, 73 చెట్లు. "ఎవరికి తెలుస్తుంది, వదిలేద్దాం" అన్నాడొకడు. ఎండ అలా ఉంది మరి, వాణ్ని నేను తప్పుపట్టను. "చెట్లకేం తెలుస్తుంది, మనకి తెలుసు కదా" అంది ఆ పిల్ల. వెనక్కి వెళ్లారు. 73 చెట్లనీ మళ్లీ కౌగిలించుకున్నాను. అప్పట్నుంచి నా 10 గీత దగ్గర మొదలుపెట్టి, వచ్చినదాంట్లోంచి పది తీసేసేవాళ్లు.

వాళ్లతో ఫైర్ వాచర్‌గా పనిచేసే ఒక చెంచు తాత వచ్చేవాడు. పొద్దున్నే ఫైర్ లైన్ల మీద రాలిన ఆకు ఊడ్చి, జంతువులు నీళ్లు తాగే సాసర్ పిట్లలో నీళ్లున్నాయో లేదో చూసి, తర్వాత మా దగ్గరికి. బెరడు గోటితో గీకి వాసన చూసి చెట్టు పేరు చెప్పేవాడు. పుస్తకంలో పేరు వెతికి పిల్లలు అవునని తలూపేలోపు ఆయన రెండో చెట్టు దగ్గరుండేవాడు. ఒకరోజు వాళ్ల కాగితాలన్నీ చూసి, "గివన్నీ పెద్దోళ్ల లెక్కలే బిడ్డా. పిల్లలేవి?" అన్నాడు.

ప్లాటు మూలల్లో మూడు మీటర్ల చదరాలు గీసి మొలకలు లెక్కపెట్టే పని ఉంది. ఎండకి ఓర్చుకోలేక దాన్ని చివరికి తోసేశారు. ఆ మాటతో మోకాళ్ల మీద కూర్చున్నారు. గడ్డి మధ్య ఎక్కడ చూసినా నల్లటి పుల్లలే. ఇప్పపూలు ఏరుకోడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు, దారినపోయేవాళ్లు బీడీముక్క పారేస్తారు. నిప్పు పెద్ద చెట్టుని దాటుకుపోతుంది, మోకాలెత్తు పిల్లల్ని మాత్రం వదలదు. ఏటేటా మాడితే, ఈ ముసలి నల్లమద్దులు కూలినప్పుడు వాటి చోటు నింపేదెవరు? లాంటానా పొద నింపుతుంది. కొన్ని చదరాల్లో అప్పటికే నింపేసింది.

"ఇది సచ్చింది తాతా" అంది ఆ పిల్ల, ఒక కాలిన పుల్ల పట్టుకుని.

"పీకకు బిడ్డా. ఏరు బతికుంటది."

తాత వేలితో మట్టి కదిపాడు. పుల్ల మొదట్లో, నేలకి ఆనుకుని, ఎర్రటి లేత చిగురు.

ఆ పిల్ల సంచిలోంచి నన్ను తీసింది. చెట్లని చుట్టుకోవడమే తప్ప మొలక పక్కన నిలబడ్డం నాకు అదే మొదలు. నా 10 గీత నేలకి ఆనించి, నన్ను నిటారుగా పట్టుకుంది. చిగురు కొస 24 దగ్గరుంది. మొలకల కాగితంలో లెక్కకే గడి ఉంది, ఎత్తుకి లేదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకుంది: 14.