అన్నీ సైబీరియా కొంగలే

సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయినప్పటి నుంచి శివరాత్రి దాకా మన పత్రికల జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పకుండా పడుతుంది. ఒక చెరువు, చెరువులో చెట్టు, చెట్టు మీద తెల్లగా ఏవో. పైన విదేశీ విహంగాల కనువిందు అని శీర్షిక. కింద సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన కొంగలు అని వివరం. ఊరు మారుతుంది, ఏడాది మారుతుంది. సైబీరియా మారదు, కొంగ మారదు. చలికాలం చివర తెల్లవారుజామునే లేచి పక్షుల్ని చూడబోయేవాళ్ళకి అడ్డుపడేది మంచు కాదు, దూరం కాదు, మెడలో దుర్భిణి లేకపోవడం అసలే కాదని నా వాదన. అడ్డుపడేవి ఈ రెండు మాటలే. పొడుగుకాళ్ళున్నదల్లా కొంగ, ఎగిరొచ్చిందల్లా సైబీరియాది అని ఇంటి దగ్గరే తేల్చేసుకుని బయల్దేరితే, అక్కడికెళ్ళి చూడ్డానికి ఇంకేం మిగిలింది? పెళ్ళికి వెళ్ళొచ్చినవాణ్ణి ఎవరెవరు వచ్చారని అడిగితే, జనం వచ్చారని చెప్పినట్టుంటుంది.

ముందు సైబీరియా సంగతి తేల్చుకుందాం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో, సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో చెట్ల నిండా దిగే పెద్ద పక్షుల్లో ముఖ్యమైనవి రెండు. సంచిముక్కు గూడబాతు ఒకటి, రెక్కల చివర గులాబి రంగు పూసుకునే ఎర్రకాలికొంగ రెండోది. రెండూ దక్షిణాసియా సొంత బిడ్డలు. సైబీరియా ఎటుందో కూడా వాటికి తెలియదు. పైగా అవి ఇక్కడ గూళ్ళు కడతాయి, గుడ్లు పెడతాయి, పిల్లల్ని పెంచుతాయి. చలికి తాళలేక ఉత్తరం నుంచి దిగొచ్చే వలసపక్షి ఏదీ ఇక్కడ గూడు కట్టదు. దాని కాపురం, పిల్లాపాపా అంతా అక్కడే, ఎండాకాలంలోనే. ఇక్కడికి వచ్చేది తిని బతకడానికి. కాబట్టి గూట్లో పిల్ల కనబడిందంటే అది విదేశీ అతిథి కాదన్నట్టే. ఈ తర్కం ఛాయాచిత్రకారుడికి తట్టలేదు కానీ తేలినీలాపురం ఆడవాళ్ళకి ఎప్పుడో తట్టింది. ఆ పక్షుల్ని ఊళ్ళోవాళ్ళు పుట్టింటికొచ్చిన ఆడపడుచులంటారు. ఆడపడుచు పుట్టింటికి పురిటికి వస్తుంది కానీ మంచు పడుతోందని రాదు. జీవశాస్త్రం ప్రకారం ఊరి మాటే రైటు, శీర్షికే తప్పు. ఇందులో ఇంకో తమాషా ఉంది. నిజంగా సైబీరియా పేరు పెట్టుకున్న కొంగ జాతి ఒకటి రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి చలికాలం గడపడానికి వచ్చేది. 2002 తర్వాత అక్కడ దాని జాడ లేదు. అసలు పక్షి రావడం మానేసినా దాని పేరు మాత్రం ఏటా మన చెరువుల మీద వాలుతూనే ఉంది.

మరి సైబీరియా నుంచి నిజంగా ఎవరూ రారా అంటే, వస్తారు. మనమే గుర్తుపట్టం. చలికాలమంతా మన వేపచెట్టులో, చింతచెట్టులో ఒక పిట్ట తిరుగుతూ ఉంటుంది. ఆకుపచ్చా కాదు, బూడిద రంగూ కాదు. పది గ్రాములు తూగదు. రెండక్షరాల కూత ఒకటి విసిరి ఆకుల వెనక్కి పోతుంది. దాని జాతివాళ్ళు వేసవి గడిపేది తూర్పు యూరప్ నుంచి మధ్య ఆసియా మీదుగా సైబీరియా దాకా ఉన్న అడవుల్లో. అంటే వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన ఆ విదేశీ అతిథి మన పెరట్లోనే ఉంది, కనువిందు చెయ్యదు కాబట్టి ఫొటో పడదు. మేడ మీద తోక ఆడిస్తూ హడావుడిగా తిరిగే పిట్టా అంతే. ఏదో పనిమీద వచ్చి ఆ పనేమిటో మరిచిపోయినట్టుండే ఆ బక్కప్రాణి హిమాలయాలు దాటి వచ్చిందంటే ఎవరూ నమ్మరు. దూరప్రయాణం చేసినవాళ్ళకి భారీ విగ్రహం ఉండాలన్న పట్టింపు మనది. పక్షులకి ఆ పట్టింపు లేదు.

ఈ చిన్నవాళ్ళని పట్టుకోవాలంటే మాఘ ఫాల్గుణాలే అదను. దీనికి కవిత్వం అక్కర్లేదు, కారణాలున్నాయి. నల్లమల లాంటి అడవుల్లో అప్పటికి ఆకు రాలిపోతుంది. కార్తికంలో కూత మాత్రమే వినబడిన కొమ్మ మీద ఇప్పుడు కూసినవాడు కూడా కనబడతాడు. మోదుగ, బూరుగ ఒక్కసారిగా పూస్తాయి. అడవంతా కరువుగా ఉన్న వేళ అవే భోజనశాలలు. గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు ఒకే చెట్టు దగ్గర పంక్తి కూర్చుంటాయి. వాటితో పాటు ఒంటి మీద గులాబి శాలువా కప్పుకున్నట్టుండే పలిసలు కూడా చేరతాయి. చెరువుల్లో నీరు తగ్గి చేపలన్నీ ఒక మూలకి చేరతాయి, చేపల వెనకే పక్షులూ చేరతాయి. తిరుగుప్రయాణం దగ్గరపడ్డ వలసపక్షులు చలికాలమంతా వేసుకున్న మట్టిరంగు బట్టలు విప్పి పెళ్ళిబట్టలు తొడుక్కోవడం మొదలెడతాయి. సోమరిపోతులకి ఇంతకన్నా అనువైన రుతువు లేదు. సగం పని చెట్లే చేసిపెడతాయి.

ఇక కొంగ దగ్గరికి వద్దాం. కొల్లేటి గట్టున నిలబడి చూపుడువేలితో ఎటు చూపించి అడిగినా పట్నంవాడి జవాబు ఒకటే. తెల్లనిది కొంగ, నల్లనిది నల్లకొంగ, ఎగిరేది ఎగిరే కొంగ. తెలుగులో పేర్లు లేకనా? దండిగా ఉన్నాయి. పై ముక్కుకీ కింది ముక్కుకీ నడుమ సందు ఉండి, నోరు మూసినా మూయనట్టే కనబడేది గుల్లకొంగ. దాని తిండి గుల్లల్లోని నత్తలు. వాటిని పట్టి ఊడబెరకడానికే ఆ ముక్కు. ముక్కు కొస గరిటెలా చదునుగా పరుచుకుని, నీళ్ళని అటూ ఇటూ కలియబెడుతూ పోయేది గెంటెముక్కు కొంగ. ఎర్రకాలికొంగని ఇంతకుముందే పరిచయం చేశాను. చూశారా, కొంగ అన్నది పేరు కాదు, ఇంటిపేరు. కాకపోతే తెలుగువాళ్ళలా ముందు పెట్టుకోక దొరల పద్ధతిలో చివర పెట్టుకున్నాయి. ఊరు ఊరంతటినీ ఇంటిపేరుతోనే పిలుస్తామంటే పోస్ట్‌మ్యాన్ ఏమైపోవాలి? శాస్త్రం లెక్కలో గుల్లకొంగకీ, గేదె వీపు మీద సవారీ చేసే తెల్లకొంగకీ ఉన్నది బీరకాయ పీచు చుట్టరికమే. గూడబాతు పేరు ఇంకా ముచ్చటైనది. వెనకటి రోజుల్లో కాలవలోంచి చేలోకి నీళ్ళు తోడే బుట్టని గూడ అనేవారు. కింది ముక్కుకి వేలాడే సంచితో నీళ్ళూ చేపలూ కలిపి ఎత్తి, నీళ్ళు వార్చేసి చేపలు మింగే పక్షిని చూసి అలా పిలిచినవాడెవడో కానీ, వాడు గూడ వేసి నడుం నొప్పి తెచ్చుకున్నవాడే అయ్యుంటాడు.

ఈ పేర్లలో చాలావాటిని వెతుక్కోవాలంటే మన నిఘంటువులకన్నా 1862, 1864 సంవత్సరాల మధ్య అచ్చయిన ఒక ఇంగ్లీషు పుస్తకం మేలు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న జెర్డన్ రాసిన భారతదేశపు పక్షుల గ్రంథం అది. నెల్లూరులో పనిచేసిన కాలంలో అడవిని, నీటిని ఎరిగిన యానాదుల్ని అడిగి ఆయన చాలా సంగతులు తెలుసుకున్నాడు. ఆ పుస్తకంలో చాలా పక్షుల దగ్గర వాటి తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో నలిగి కూర్చుని ఉంటుంది. మన పద్యాల్లో మాత్రం హంస, చిలుక, కోయిల, చకోరం, చక్రవాకం వంతులవారీగా వచ్చిపోతుంటాయి. ఆ అయిదింటిలో ఒకటి వెన్నెల తాగి బతుకుతుంది కనక దాన్ని చూడబోయే శ్రమ లేదు. పక్షుల పేర్లు నిలిపినవాళ్ళు చాలావరకు పక్షుల్ని పట్టినవాళ్ళూ వండుకున్నవాళ్ళూను. అందుకే మన వర్గీకరణలో వంటింటి వాసన వేస్తుంది. నేల మీద నడిచేదల్లా కోడి, నీళ్ళ మీద తేలేదల్లా బాతు. నుదుట తెల్లటి బొట్టుతో కొల్లేట్లో ఈదే నల్లటి బొల్లికోడి కోడీ కాదు, బాతూ కాదు. గూడబాతు బాతు కాదు. ఇలాంటి పేర్లని నమ్ముకోమంటారా అన్నది శాస్త్రం చదివినవారి ఆక్షేపణ. ఒప్పుకోవలసిందే. గోదావరి దాటితే పేరు మారుతుంది, పక్క ఊళ్ళో అదే పేరు ఇంకో పిట్టకి ఉంటుంది. అయినా ఈ పేర్లు ఒక పని చేస్తాయి. పక్షిలో ఎక్కడ చూడాలో చెబుతాయి. గుల్లకొంగ అనగానే కళ్ళు ముక్కు మీదికి పోతాయి, బొల్లికోడి అనగానే నుదుటి మీదికి.

పేరు తెలిస్తే పిట్టకేం ఒరుగుతుందన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. దీనికి సాక్షి కడప జిల్లాలో ఉంది. జెర్డన్ 1848లో ఒక పక్షిని లోకానికి పరిచయం చేశాడు. పొదల మధ్య రాత్రిపూట పరుగెత్తే పక్షి. ఇంగ్లీషులో దానికి ఆ డాక్టరు పేరే పెట్టారు. 1900లో కనబడ్డ తర్వాత అది ఎవరికీ చిక్కలేదు. అంతరించిపోయిందని చాలామంది పండితులు నమ్మారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు స్థానిక వేటగాళ్ళ సాయంతో రెడ్డిపల్లె దగ్గర దాన్ని మళ్ళీ కనుక్కున్నారు. దాన్ని అక్కడివాళ్ళు కలివికోడి అంటారు. కలివి పొదల్లో తిరిగే కోడి అని అర్థం. గమనించండి, జెర్డన్ పేరులో ఉన్నది ఒక మనిషి, కలివికోడి పేరులో ఉన్నది ఒక అడ్రసు. మనిషి పేరు పట్టుకు వెతికినంతకాలం, అంటే 86 ఏళ్ళు, పక్షి దొరకలేదు. అడ్రసు తెలిసినవాణ్ణి కలుపుకుంటే దొరికింది. ఆ తర్వాత లంకమల అడవిని అభయారణ్యం చేశారు, తెలుగుగంగ కాలువ దారిని దాని తావు తప్పించి మళ్ళించారు. గుప్పెడంత పక్షి కోసం కాలువ వంకర తిరిగింది. ఊరూపేరూ లేనివాటి కోసం ఏ ఇంజనీరూ గీత చెరపడు. దాని భాగ్యమో అభాగ్యమో, ఆ తర్వాత కూడా అది కంటపడటం అరుదే. జెర్డన్ దీనికే ఇంకో తెలుగు పేరు కూడా రాసుకున్నాడు, అడవి ఉత్తతిత్తి అని. అడవిలో ఖాళీ సంచి. దాన్ని వెతకబోయినవాళ్ళు ఏం తెచ్చుకున్నారో ఆ పేరే చెబుతోంది.

ఫోను ఉండగా ఈ తంటాలెందుకని కుర్రకారు అడుగుతారు. కూత వినిపిస్తే చాలు, పేరు, బొమ్మ, వలసదారి పటం తెర మీదికి వచ్చేస్తాయి. ఇది మంచి పనిముట్టే. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల్ని లెక్కపెట్టే ఉత్సవం 1998లో మొదలైంది, మన దేశం 2013లో చేరింది. పావుగంట నిలబడి చూసినా లెక్కలోకి తీసుకుంటారు. పెరడు పోయి బాల్కనీ మిగిలినవాళ్ళనీ అనుమతిస్తారు. ఆ లెక్కలన్నీ ఫోన్ల మీదుగానే చేరతాయి, చేరాలి. నా పేచీ వరస గురించి. చూసి, తికమకపడి, ముక్కు, కాళ్ళు, నడక పోల్చుకుని, చివర్న పేరుకి వెళ్ళడం ఒక వరస. ముందే పేరు తెలిసిపోతే తల కూడా ఎత్తకుండా తరవాతి పక్షి కోసం ఫోను సాచడం ఇంకో వరస. రెండో వరసలో పక్షిని చూసింది ఫోను. మనం చూసింది ఫోనుని.

తీరానికి వెళితే నా వాదనకీ తీరం కనబడుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. రాకెట్ ఎగిరే రోజున ఆ దారి పట్టినవాళ్ళందరి మెడలూ ఒకవైపే తిరిగి ఉంటాయి. అటూ ఇటూ నీళ్ళలో పొడుగుకాళ్ళ గులాబి పక్షులు బారులు తీరి, రాకెట్లు తమ ఇంటి విషయం కాదన్నట్టు మేస్తుంటాయి. సూళ్లూరుపేటలో 2001 నుంచి వాటి పేర పండుగ చేస్తున్నారు. ఫ్లెమింగో అనడం ఇష్టంలేనివాళ్ళు రాజహంస అంటారు. జెర్డన్ రాసుకున్న పేరు సముద్రపు చిలువ. అదేమంత రాజసమైన పేరు కాదు. మన దేశంలో అవి పెద్దఎత్తున గూళ్ళు కట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. అక్కణ్ణించి వచ్చినదాన్ని విదేశీ అనాలంటే పాస్‌పోర్టు నిబంధనలు మార్చాలి. రాజహంస అన్న పేరుని పండితులు ఒప్పుకోరు, హంస అంటే బాతు జాతిది అంటారు. నాకు మాత్రం ఈ తప్పులో కొంత న్యాయం కనబడుతుంది. హంస పాలనీ నీళ్ళనీ వేరుచేస్తుందని కదా ప్రతీతి. ఈ పక్షి తల తలకిందులుగా నీట ముంచి, ముక్కులోని జల్లెడతో నీళ్ళని బయటికి నెట్టి, నాచునీ చిన్న రొయ్యల్నీ నిలుపుకుంటుంది. ఆ తిండిలోని రంగే దాని ఒంటి రంగు. పిల్లలకి తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతులో ఊరే ఎర్రటి పాలు పడతారు. నీళ్ళు వడకట్టేదీ ఇదే, పాలున్నదీ దీనికే. ఇంతకన్నా రుజువులున్న హంసని ఏ ప్రబంధకవీ చూపించలేదు. నడక సంగతి అంటారా, మోకాళ్ళు వెనక్కి మడిచినట్టు కనబడే ఆ అంగలతో నాయికని పోలిస్తే ఆవిడ ఏమంటుందో నేను చెప్పలేను.

కోరింగ మడ అడవులు దాటాక, గోదావరి ముఖాన ఉన్న బురదనేలల మీద మాత్రం నా వాదన కాలు కూరుకుపోయింది. పాటు సమయాన నీరు వెనక్కి తగ్గగానే వందల కొద్దీ చిన్న పక్షులు ఆ బురద మీద దిగి కుట్టుమిషను సూదుల్లా ముక్కులాడిస్తాయి. పోటు వచ్చేకొద్దీ మనవైపు జరుగుతాయి. కనక సముద్రం లెక్క తెలిసినవాడు కదలకుండా కూర్చుంటే చాలు, ఇది అసలు సిసలు కొంగజపం. అయితే వాటిలో పదుల జాతులున్నాయి. అన్నీ మట్టిరంగే, అన్నీ అదే పరుగు. తెలుగు ఇక్కడ చేతులెత్తేసి, దాదాపు అన్నిటికీ కలిపి ఉల్లంకి అని ఒక మాట ఇచ్చి ఊరుకుంది. కూర చెయ్యగల పక్షికి ఒక పేరు చాలనుకుంది కాబోలు. నిజమైన సైబీరియావాళ్ళు కొందరు ఈ గుంపులోనే ఉన్నారు. ఆర్కిటిక్ అంచున గుడ్లు పెట్టివచ్చిన ఈ ప్రయాణికుల్ని ఇంటిపేరుతో కూడా పిలవలేని స్థితి మనది. ఇక్కడ ఇంగ్లీషు పేర్ల పుస్తకం తీయడం తప్పదు, తీసినా పాదాల రంగు కనబడే దాకా పేజీ తేలదు. వెనకాల ఎండ, ముందు ఒండ్రు, మధ్యలో కళ్ళజోడు మీద ఉప్పుతడి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. దాని వెనకే ఉల్లంకులూ వేపచెట్టు పిట్టా బయల్దేరతాయి, రాత్రివేళ, ఎవరికీ చెప్పకుండా. ఆ మర్నాడు పత్రికలో ఫొటో ఉంటుంది. చెరువు, చెట్టు, చెట్టు మీద తెల్లగా ఏవో. సైబీరియాకి తిరుగుముఖం పట్టిన కొంగలు అని కింద రాసి ఉంటుంది. ఆ చెట్టు మీద గూడబాతు, గూట్లో పిల్లకి ఇంకా రెక్కలు రాలేదు కనక, చేపల కోసం పక్క చెరువు దాకా వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తుంది.