ఎడమ కిడ్నీ కథ

ఈ కథలోని ఎడమ కిడ్నీకి వచ్చిన జబ్బు ఐజీఏ నెఫ్రోపతీ. 1968లో ఫ్రెంచి వైద్యుడు జాన్ బెర్జే తన సహచరురాలితో కలిసి దీన్ని మొదటిసారి వివరించాడు.

కిడ్నీలో రక్తాన్ని వడకట్టేవి గ్లోమెరులై అనే సన్నని రక్తనాళాల గుత్తులు. ఒక్కో కిడ్నీలో ఇవి దాదాపు 10 లక్షలుంటాయి. గొంతులో, పేగుల్లో క్రిములను ఎదుర్కోవాల్సిన ఐజీఏ యాంటీబాడీ లోపంతో తయారైతే, శరీరం దాన్ని పరాయిదనుకొని దానిమీద మరో యాంటీబాడీని పుట్టిస్తుంది. ఆ రెండూ జతకట్టి గ్లోమెరులైలో పేరుకుంటాయి. అక్కడ మొదట వాపు, తర్వాత మచ్చ ఏర్పడతాయి.

ఈ కిడ్నీని మోస్తున్న యువకుడికి గొంతునొప్పి మొదలైన మర్నాడే మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. నాలుగు రోజులకు రంగు తేటపడినా నురగ తగ్గలేదు. పరీక్ష చేస్తే ప్రోటీన్ రోజుకు 2 గ్రాములు పోతోంది. అతన్ని బోర్లా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ బయాప్సీ కోసం ఈ కిడ్నీ కింది కొసలోకి సూది దించారు. దారప్పోగంత ముక్క వచ్చింది. ప్రత్యేక రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే ఐజీఏ ఆకుపచ్చగా మెరిసింది.

చికిత్సకు పునాది బీపీ అదుపు. రామిప్రిల్, లోసార్టాన్ వంటి మందులు గ్లోమెరులైలో ఒత్తిడిని, ప్రోటీన్ నష్టాన్ని తగ్గిస్తాయి. వీటిని వాడేటప్పుడు రక్తంలో పొటాషియం, కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్ చూస్తుండాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. ఊరగాయ, అప్పడాల్లోని ఉప్పూ ఆ లెక్కలోదే. డపాగ్లిఫ్లోజిన్ అనే మందు కూడా కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేస్తుంది.

జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువగా ఉంటే కొన్ని నెలలు స్టెరాయిడ్లు ఇస్తారు. వాటితో మేలుతోపాటు ఇన్ఫెక్షన్లు, షుగర్ పెరిగే ముప్పూ ఉంది. అందుకే మోతాదు తగ్గించి, న్యుమోనియా రాకుండా మరో మందు జోడిస్తారు. చిన్నపేగు చివర విడుదలయ్యే బుడెసొనైడ్, ప్రోటీన్ నష్టాన్ని తగ్గించే స్పార్సెంటాన్ ఇటీవల వచ్చిన మందులు.

ముందు ముందు ఎలా ఉంటుందన్నది ప్రోటీన్, బీపీ, క్రియాటినిన్, బయాప్సీలో కనిపించిన మచ్చలను బట్టి తేలుతుంది. ప్రోటీన్‌ను రోజుకు అర గ్రాములోపు ఉంచడం లక్ష్యం. కొందరికి జీవితాంతం కిడ్నీలు నిలుస్తాయి. మరికొందరికి ఏళ్ల తర్వాత డయాలసిస్, మార్పిడి తప్పవు. మార్పిడి చేసిన కిడ్నీలోనూ జబ్బు తిరిగి రావచ్చు. అయినా ఆ కిడ్నీ చాలామందికి ఏళ్లపాటు పనిచేస్తుంది.

మచ్చపడిన గ్లోమెరులై మళ్లీ కోలుకోవు. మిగిలినవాటిని కాపాడుకోవడమే చికిత్స. ఆ యువకుడికి ప్రోటీన్ నష్టం ఇప్పుడు రోజుకు 0.4 గ్రాములకు దిగింది. బీపీ మందు కొనసాగుతోంది. డాక్టర్‌ను అడగకుండా నొప్పి మాత్రలు వేసుకోవడం మానేశాడు. మూడు నెలలకోసారి మూత్రం, క్రియాటినిన్ పరీక్షలు జరుగుతున్నాయి.