మెదడులో రిబ్బన్ ఎక్కడ కట్టాలి?

మన దాతలది ఎముక లేని చెయ్యి. కాకపోతే ఆ చేతిలో ఎప్పుడూ ఓ కత్తెర ఉంటుంది. ఆసుపత్రికి చక్రాల కుర్చీ ఇస్తే దాని వీపున పేరు, అంబులెన్స్ ఇస్తే నాలుగు వైపులా పేరు, ఫ్యాను ఇస్తే మూడు రెక్కల మీదా పేరు. ఫ్యాను తిరిగితే గాలొస్తుంది, ఆగితే దాత కనిపిస్తాడు. కరెంటు కోతలుండబట్టి గానీ, లేకపోతే ఇంత దానగుణం మన కంటపడేదే కాదు.

ఇలాంటి పుణ్యభూమిలో ఓ అమాయక డాక్టరు, మెదడు అన్యూరిజం మీద పరిశోధనకు చందా అడగబోయాడనుకోండి.

"అంటే ఏంటి డాక్టరుగారూ?"

"మెదడులో ధమని గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుందండి. పెద్దవాళ్ళలో వందకు సుమారు ముగ్గురికి ఉంటుంది."

"ఉంటే?"

"చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. పగిలిందా, దాదాపు సగంమంది దక్కరు."

"ఎవరిది పగులుతుందో?"

"అది ముందే పసిగట్టడానికేనండీ ఈ డబ్బు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"పదేళ్ళో, ఇరవయ్యేళ్ళో..."

"సరే, ప్రారంభోత్సవం ఎప్పుడు?"

డాక్టరు దగ్గర జవాబు లేదు. కంటి శిబిరమైతే నల్ల కళ్ళద్దాలతో వందమంది వరసగా కూర్చుంటారు, ఫోటో నిండుగా వస్తుంది. ఇక్కడ బుడగ పగలనివాడికి జబ్బున్నట్టే తెలీదు, పగిలినవాడు ఫోటోకు నిలబడలేడు. ఇంత మర్యాద తెలియని రోగానికి చందా ఎవరిస్తారు?

ఈ జబ్బు వైద్యానికి పట్టిన కాలం చూడండి. 1937లో బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ అనే సర్జన్ పుర్రె తెరిచి, బుడగ మెడకు వెండి క్లిప్పు పెట్టాడు. పుర్రె తెరిచే పని లేకుండా, రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, ప్లాటినం తీగచుట్టలతో బుడగను పూడ్చే గుగ్లియెల్మీ కాయిల్ రోగిని చేరింది 1990లో. నడుమ యాభై మూడేళ్ళు. అంతకుముందు ఆ కాయిల్ పందుల రక్తనాళాల్లో పరీక్షకు నిలబడింది. పందులదొడ్డి గుమ్మానికి రిబ్బన్ కట్టించుకునే దాత మనకున్నాడా? పంది వీపు మీద 'ఫలానావారి జ్ఞాపకార్థం' అని రాయించలేం కదా!

చట్టం అడ్డొచ్చిందా అంటే అదీ లేదు. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సేవకు ఖర్చు పెట్టాలన్నది 2013 నాటి చట్టం. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో వైద్య పరిశోధనకిచ్చినా ఆ లెక్కలో చెల్లుతుంది. సర్కారు ప్రేమ కూడా చూడండి: ఆమోదం పొందిన పరిశోధనా సంస్థకు 100 రూపాయలిస్తే, ఒకప్పుడు ఆదాయంలోంచి 175 తగ్గించి చూపుకోనిచ్చేది. 2017లో దాన్ని 150 చేసింది, 2020లో 100తో సరిపెట్టింది. ఇచ్చేవాళ్ళే తక్కువైన చోట, ఉన్న తాయిలం కూడా లాగేసుకుంది.

అమెరికాలో ఇదే జబ్బు కోసం 1994లో బ్రెయిన్ అన్యూరిజం ఫౌండేషన్ పెట్టుకుని, చందాలు పోగేసి పరిశోధకులకు గ్రాంట్లు ఇస్తున్నారు. మనకు అంత శ్రమ అక్కర్లేదు. "పాపం, నరం చిట్లిందట. రాత!" అనేస్తే సరి. చిట్లింది నరం కాదు, రక్తనాళం. కానీ రాత మీదకు నెట్టాక శరీరశాస్త్రంతో పనేముంది? పొగ మానమనీ, బీపీ చూపించుకోమనీ చెప్పే బాధ కూడా తప్పుతుంది.

ఏ ఆసుపత్రి వరండాలోనైనా శిలాఫలకం ముందు ఓసారి నిలబడండి. దాతల పేర్లు వంద ఉన్నాయనుకుందాం. లెక్క ప్రకారం అందులో ముగ్గురి తలల్లో బుడగ ఉండాలి. ఎవరా ముగ్గురో, ఎవరిది పగులుతుందో రాయికి తెలీదు. రాయి చెక్కించినవాళ్ళకూ తెలీదు, తెలుసుకోవడానికి పైసా ఇవ్వలేదు గనక.

అయినా బెంగ అక్కర్లేదు. పగిలినవారి జ్ఞాపకార్థం వారసులు అదే వరండాకు కొత్త ఫ్యాను ఇస్తారు. మూడు రెక్కలూ ఖాళీగానే ఉంటాయి.