పేపరు పాస్, ప్రొఫెసరు వెయిటింగ్

విదేశీ సదస్సులో పరిశోధన పత్రం చదవాలంటే, ముందు మన ఆఫీసులో అర్జీ చదివించుకోవాలి. సర్కారు ఖర్చుతో ఎగిరేవారు 21 రోజుల ముందే టికెట్ కొనాలని 2022 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ హితవు చెప్పింది. అదీ బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీల దగ్గరే. పొదుపు కోసమట! బాగానే ఉంది. కానీ మంజూరు ఉత్తర్వు వచ్చేసరికి సదస్సుకు రెండు రోజులే మిగిలితే? ప్రయాణానికి 72 గంటల లోపు టికెట్ కొంటే, కారణం రాసి సంతకం పెట్టాల్సింది ప్రయాణికుడే. ఫైలు మీద కునుకు తీసినవారికి ఆ బాధ లేదు.

పరిశోధక విద్యార్థివి మరో రకం తిప్పలు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37 వేలు, అదీ వచ్చిన నెల వచ్చినట్టు. విమాన ఛార్జీ, వీసా, రిజిస్ట్రేషన్ అన్నీ ముందు అప్పు చేసి కట్టాలి; తిరిగొచ్చాక బిల్లులు పెట్టి ఎదురుచూడాలి. బోర్డింగ్ పాసు పోయిందా, వెళ్లిన మనిషి వెళ్లనట్టే!

అయ్యా, ప్రపంచ స్థాయి పరిశోధన కావాలంటే ముందు అడ్వాన్సు ఇవ్వండి. ఉపన్యాసాలు తర్వాత ఇవ్వొచ్చు.