రీలు అయిపోతుందన్న భయం ఏదిరా మీకు?

కెమెరా కొనాలి తాతా అని దసరాకు మొదలుపెట్టావు. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది, భద్రాద్రి రాముడి కల్యాణం కూడా అయిపోయింది, నువ్వింకా వీడియోలే చూస్తున్నావు. ఎవడో అట్టపెట్టె విప్పుతుంటే చూడటానికి లక్షల మంది! మా రోజుల్లో పెట్టె విప్పేది చూడాలంటే ముందు ఆ పెట్టె మనింటికి రావాలి. రాదు గనక ఏ గొడవా లేదు.

ఎంచుకోవడమట, ఎంచుకోవడం. ఆరో నిజాం అంతటివాడికి ఆస్థానంలో రాజా దీన్ దయాళ్ ఉండేవాడు, మాకు బజారులో స్టూడియో ఆయన ఉండేవాడు. అంతే. ఫోటో అంటే బోనస్ పడ్డాక, తలకు నూనె పెట్టి, ఇంటిల్లిపాదీ కట్టగట్టుకుని పోవడం. లోపల అద్దం, దాని ముందు పళ్ళు ఊడిన దువ్వెన, అందరి మొహాలకూ ఒకటే పౌడరు డబ్బా. వెనక పరదా మీద ఎవరూ చూడని ఊళ్ళోని తోట, అందులో ఎక్కడికీ పోని మెట్లు. మీ నాయనమ్మ ఆ మెట్లు నిజమనుకుని పక్కకు జరిగిందిలే, ఆ మాట నేనన్నానని చెప్పకు. స్టూడియో ఆయన నల్లగుడ్డలో తల దూర్చి "కదలొద్దు, కళ్ళు ఆర్పొద్దు" అనేవాడు. మేం ఊపిరి కూడా బిగబట్టేవాళ్ళం. అందుకే మా ఫోటోల్లో అందరం ఎవరో తిట్టినట్టు ఉంటాం. అయితేనేం, ఒక్కొక్కరికి ఒక్క మొహమే ఉండేది. నీ ఫోన్లో నీవే నాలుగు వందల మొహాలున్నాయి, ఒక్కటీ నీలా లేదు.

తర్వాత మా బావమరిది అగ్ఫా క్లిక్ త్రీ ఒకటి సంపాదించాడు. బరోడాలో తయారయ్యేది. రీలుకు పన్నెండు ఫోటోలు, నలుచదరంగా వచ్చేవి. ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు, నొక్కితే టిక్కు, అయిపోయింది. రీలు కొన్నాళ్ళు ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ 'ఇందు', కొన్నాళ్ళు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో. ఎనభైల్లో హాట్ షాట్ అని వచ్చింది, 'ఖటాక్' అని దాని ప్రకటన. వీధిలో పిల్లలందరూ కెమెరా లేకుండానే ఖటాక్ ఖటాక్ అని తిరిగేవాళ్ళు. ఆ వెనకాలే యాషికాలు, 36 ఫోటోల రీళ్ళు. 36 అంటారు గానీ చేయి తిరిగినవాడు ఒడుపుగా ఎక్కిస్తే 37, ఒక్కోసారి 38 కూడా వచ్చేవి. ఆ ముప్పై ఎనిమిదోది తీసినవాణ్ణి చుట్టాలు గౌరవంగా చూసేవాళ్ళు. మా బావమరిదిని అట్లా చూడలేదు. రీలు తిరుగుతుందో లేదో అని పెళ్ళి మధ్యలో వెనక మూత తెరిచి చూశాడు, వెలుతురు తగిలి తలంబ్రాలు మొత్తం మాడిపోయాయి. ఆ పెళ్ళికూతురు ఇప్పటికీ వాడితో సరిగ్గా మాట్లాడదు. మీ కాలంలో ఇట్లాంటి వైరాలు కూడా లేవు, చెరిపేసి మళ్ళీ తీస్తారు.

అయినా ఒక ఫోటో మాత్రం నాకు ఏ కెమెరా ఇవ్వలేకపోయింది. ఇన్నేళ్ళు బొగ్గుబాయిలో దిగాను గదా, టోపీ లైటుతో, మసి మొహంతో, భూమి కింద నేను ఎట్లా ఉండేవాణ్ణో చూపించడానికి ఒక్క ముక్క లేదు. మస్టర్ పడి దిగేముందు బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని ఒళ్ళంతా తడిమేవాళ్ళు. బొగ్గులోంచి వచ్చే మీథేన్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు. అనుమతి లేని బ్యాటరీ వస్తువేదీ లోపలికి పోకూడదు, కెమెరా అయినా, ఫ్లాష్ అయినా, ఇప్పటి మీ ఫోనైనా. డాక్టర్ కింగ్ అనే ఆయన ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టింది 1871లో, సింగరేణి కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది 1920లో. ఇంత చరిత్రలో బాయి దిగినవాళ్ళవి నేను చూసిన ఫోటోలన్నీ పైన తీసినవే, స్నానం చేసి, తల దువ్వుకుని. మా నాన్నదీ అంతే. గోడ మీద ఫోటో చూస్తే ఆయన బొగ్గు ముట్టుకున్నాడంటే ఎవరూ నమ్మరు.

ఏదో చెప్పబోయి ఎక్కడికో పోయాను. ఆఁ, నీ కెమెరా.

అసలు ఈ డిజిటల్ పాపం ఎవరిదో తెలుసా? రీళ్ళు అమ్ముకు బతికే కోడాక్‌దే. వాళ్ళ దగ్గర పనిచేసే స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు 1975లో మూడున్నర కిలోల డబ్బా ఒకటి చేశాడు. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. బొమ్మలో ఉన్నవి మొత్తం పదివేల చుక్కలు. అదీ పద్ధతంటే! అంత నిదానంగా ఉండి ఉంటే నాకు అభ్యంతరమే లేదు. 2012లో అదే కోడాక్ దివాలా కోర్టు మెట్లెక్కింది. ఊటీ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. సరే, రీళ్ళను మింగిన ఆ చిన్న కెమెరాలైనా బాగుపడ్డాయా అంటే, వాటిని ఫోన్లు మింగాయి. 2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి బయటికి పోతే, 2023కి అవి 77 లక్షలకు పడిపోయాయి. నువ్వు అడుగుతున్నది ఆ మిగిలినవాటిలో ఒకటి. ఇవన్నీ నాకెట్లా తెలుసంటావా? నువ్వు పెట్టిన వీడియోలు ఈ ఇంట్లో నా చెవిన కూడా పడుతున్నాయి మరి.

అందుకే అడుగుతున్నా, దేన్ని తీస్తావు నువ్వు? ఆ ముక్క చెప్పకుండా "ఏది మంచిది తాతా" అంటే ఏం చెప్పను?

ఇంట్లో పిల్లలు, పుట్టినరోజులు, పెద్దమ్మ గుడి దగ్గర మొక్కులు అయితే నీ జేబులోది చాలు, పైసా ఖర్చు పెట్టకు. మెగాపిక్సెళ్ళు 48 అట, 108 అట, ఊదరగొడతారు. మనం గోడకు కట్టించే నాలుగు బై ఆరు ఫోటోకు అంగుళానికి మూడు వందల చుక్కల లెక్కన 1200 బై 1800 చాలు. గుణించుకో, ఇరవై ఒక్క లక్షల అరవై వేలు. అంటే రెండు మెగాపిక్సెళ్ళు దాటి కాస్త. ఏ4 కాగితమంత ప్రింటుకైనా తొమ్మిది లోపే. అయినా మీరు ప్రింటు వేయించింది ఎప్పుడని!

మరి ముక్కోటి ముందురోజు గోదావరిలో తెప్పోత్సవం తీయాలనుందా? అప్పుడు మాట వేరు. చీకటి, నీళ్ళు, హంసవాహనం చుట్టూ లైట్లు, పైన బాణసంచా. నీ ఫోన్లో, చిన్న కెమెరాలో బొమ్మ పడే సెన్సర్ గోరుముక్కంత ఉంటుంది, మామూలు చిన్న కెమెరాదైతే ఆరు మిల్లీమీటర్లకు నాలుగున్నర. ఏపీఎస్-సీ అంటున్నారు చూడు, అది దాదాపు 23కి 15. వైశాల్యంలో పన్నెండు రెట్లకు తగ్గదు. ఫుల్ ఫ్రేమ్ అయితే 36కి 24, సరిగ్గా మా రీలు ముక్కంత. మా కొలతనే తెచ్చి లక్షలకు అమ్ముతున్నారు! ఒకే వాన కురిసినా గంగాళంలో పడే నీళ్ళు గ్లాసులో పడవు గదా, వెలుతురూ అంతే. గ్లాసుతో పట్టిన బొమ్మకు చీకట్లో ఇసుక చల్లినట్టు గింజలు తేలతాయి. కాబట్టి రాత్రిపూట పనికి ఏపీఎస్-సీ బాడీ, దానికో 50 మిల్లీమీటర్ల 1.8 లెన్సు. ఆ అంకె ఎంత చిన్నదైతే లెన్సు కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుంది. పెట్టెతో పాటు వచ్చే 18-55 లెన్సు ఆ చివర 5.6కి ఆగిపోతుంది, ఇది దానికంటే తొమ్మిది పది రెట్లు వెలుతురు లాగుతుంది. లెన్సుల్లో బాగా చవకైనవాటిలో ఇదొకటి. మంచిదీ చవకదీ ఒకటే అయిన వస్తువు ఈ కాలంలో ఎట్లా మిగిలిందో నాకర్థం కాదు.

నవమి కల్యాణానికి మాత్రం ఇది దండగ. అక్కడ మిట్టమధ్యాహ్నం, వెలుతురుకు కొదవేముంది? దూరమే చిక్కు. మిథిలా స్టేడియంలో మనకు దొరికే చోటు నుంచి సీతారాములు బొటనవేలంత కనపడతారు. అట్లాగే కిన్నెరసానిలో కొంగలు, నీటికాకులు, ఒడ్డున ఎండకు పడుకున్న మొసళ్ళు. వీటికి జూమ్ కావాలి. జూమ్ అంటే లెన్సు ముందుకూ వెనక్కూ జరిగే ఆప్టికల్ జూమ్, డిజిటల్ జూమ్ అని రాసుంటే అది బొమ్మను కత్తిరించి ఉబ్బించడం, ఆ పని ఇంట్లో కూర్చుని నువ్వూ చేయొచ్చు. లెన్సు ఊడదీయలేని బ్రిడ్జ్ కెమెరాలని ఉన్నాయి, నికాన్ వాళ్ళది 2018లో వచ్చిన పీ1000 అయితే ఏకంగా 125 రెట్లు. పక్షి కంట్లో నలుసు కనపడుతుందట. కనపడి ఏం చేస్తావు, తీస్తావా? సెన్సర్ మాత్రం మళ్ళీ అదే గోరుముక్క, పొద్దుగూకితే సంచిలో పెట్టుకోవాల్సిందే. అంత జూమ్‌లో చేయి వణికితే పక్షి పోయి ఆకాశం వస్తుంది, స్టాండు కూడా కొనాలి. కొమ్ము కోయ నాట్యం తీయాలంటే షట్టర్ సెకనులో ఐదువందలో వంతుకు పెట్టుకో, లేకపోతే కొమ్ములు మసకై మనుషులు మాయమవుతారు. పెళ్ళిళ్ళ బేరం పెట్టుకుంటానంటే రెండు మెమరీ కార్డులు పట్టేది చూడు. ఒకటి పాడైనా రెండోది ఉంటుంది. మా బావమరిది కాలంలో ఇది ఉంటే కుటుంబం ఒకటిగా ఉండేది.

డబ్బు సంగతి. నీ దగ్గరున్నదంతా బాడీకి తగలేయకు. కార్డు, రెండో బ్యాటరీ, సంచి, లెన్సు, ఇవి లేకుండా అది బల్ల మీద పెట్టుకునే బొమ్మే. ఇప్పుడంతా మిర్రర్‌లెస్ అంటున్నారు, కంపెనీలు పాత అద్దం కెమెరాలను దాదాపు వదిలేశాయి, అందుకే అవి సెకండ్ హ్యాండులో దొరుకుతాయి. నేనైతే అదే కొనమంటాను. కన్ను ఆనిస్తే అద్దంలోంచి నిజమైన మనిషి కనపడతాడు, టీవీలో మనిషి కాదు. పాతది కొంటే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడుగు, చిన్న రకాలకు లక్ష దాకా ఆయుష్షు అంటారు. లెన్సును వెలుతురుకు పట్టి చూడు, లోపల సాలెగూడు లాంటి పోగులుంటే బూజు, వదిలేసి వచ్చెయ్. మన ఊళ్ళో మేలో ఎండ, ఆషాఢం నుంచి ముసురు, ఏడాది పొడుగునా బొగ్గుదుమ్ము. ఓపెన్‌కాస్ట్ రోడ్డు మీద నిలబడి లెన్సు మార్చావంటే సెన్సర్ మీద సింగరేణి మొత్తం వచ్చి కూర్చుంటుంది. తోలు సంచిలో దాచకు, మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టు. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తానంటే వద్దను, రేపు వారంటీ అడిగితే నీ మొహం వాళ్ళెవరికీ గుర్తుండదు. ఇక ఈఎంఐ అన్నావో, నా ముందు అనకు. మేం అప్పు చేసింది ఆవుకు, ఆడపిల్ల పెళ్ళికి. కెమెరాకు అప్పు చేసి, దాంతో ఎండిన గడ్డిపోచను తీసి, పది మంది బాగుందన్నారని మురిసిపోవడం నాకు ఎక్కదు.

ఫోన్ కెమెరా మీద నాకు వేరే కోపం కూడా ఉందిలే. బొగ్గుబాయి పింఛనుదారుణ్ణి, ఏడాదికోసారి బతికే ఉన్నానని చూపించుకోవాలి. ఇదివరకు మనిషిని మనిషి చూసి సంతకం పెట్టేవాడు. ఇప్పుడు నువ్వు ఫోన్ నా మొహానికి పెట్టి "తాతా, కళ్ళు ఆర్పు" అంటావు. ఆర్పితేనే ప్రాణమున్నట్టట. ఆర్పొద్దని ఆ స్టూడియో ఆయన దగ్గర తిట్లు తిని నేర్చుకున్న విద్య! కిందటిసారి నేను ఆర్పకుండా బిగదీసుకుని కూర్చుంటే అది నన్ను ఒప్పుకోలేదు, మళ్ళీ మళ్ళీ అడిగింది. క్యూలో నిలబడకుండా మంచం మీదే పనైపోయిన మాట నిజమే. అంతమాత్రాన మెచ్చుకోవాలని ఎక్కడా లేదు.

సరే, ఇంతసేపు చెప్పించావు. ఆ 50 మిల్లీమీటర్ల 1.8 లెన్సు ఎంతన్నాడు? ఆన్‌లైన్‌లో తగ్గింపు పడితే ఒక మాట చెప్పు. నాక్కాదులే, ఊరికే అడుగుతున్నా.